మూడు తర్వాత ఐదు

"కళ్ళు మెల్లగా మూసుకోండి" అంది ఆమె గొంతు. అన్నది ఆమె కాదు, గది మూలనున్న చిన్న స్పీకరు. ఆమె గొంతు పోయి ఇవాళ్టికి మూడో రోజు, నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. ఊపిరి పాఠాలు చెప్పేదానికి గాలి ఒక్కటే మిగలడం సబబుగానే ఉందని బావ నవ్వాడట. క్లాసు మానేద్దామనే అనుకుంది. కానీ పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దావిడ, మొదటి వరుసలో మొదటి చాప ఎవరికీ ఇవ్వని మనిషి, ససేమిరా అంది. మీ రికార్డింగు ఉంది కదా, అది పెట్టేసి మీరు ఎదురుగా కూర్చోండి, మీ మొహం కనిపిస్తే చాలు మాకు, అని ఫోనులో తేల్చేసింది. నిజమే, ఉంది, రెండేళ్ళ కిందట చేసినది, దూరాన ఉన్నవాళ్ళ కోసం. ఈ గదిలో మాత్రం ఏనాడూ పెట్టలేదు, పదకొండు నెలలుగా దాని పేరెత్తడమే మానేసింది, అక్క చెవిన అది పడకూడదు కాబట్టి. ఇవాళ గురువారం, అక్క రక్తపరీక్షకు వెళ్ళే రోజు, ఎలాగూ రాదు. ఆ ధైర్యంతోనే నొక్కింది. నొక్కి నిమిషం కాలేదు, మెట్ల మీద అడుగులు వినిపించాయి. కింద కళ్ళద్దాల దుకాణం, పైన ఈ గది, మధ్యలో ఇరవై రెండు మెట్లు. పదకొండో మెట్టు మీద ఆగి, గోడకు చెయ్యి ఆనించి, కాసేపటికి మళ్ళీ బయలుదేరే అడుగులు ఒక్క మనిషివే.

ఇవాళ పరీక్షకు వెళ్ళకుండా ఇటే వచ్చినట్టుంది, అక్క లోపలికొచ్చి చెప్పులు వరసలో సర్దింది, తనవే కాదు, పక్కవాళ్ళవి కూడా. కిటికీ పక్కన ఆమె కోసమే వేసిన కుర్చీలో కూర్చుంటూ, గొంతు మీద వేలు పెట్టి చూపించి, ఏంటే ఇంకా తగ్గలేదా అన్నట్టు కళ్ళతోనే అడిగింది. తగ్గలేదని తలూపింది చెల్లెలు. అయ్యో అన్నట్టు మొహం పెట్టి అక్క కళ్ళు మూసుకుంది. పద్దెనిమిది మంది చాపల మీద, అక్క కుర్చీలో, గోడ మీద గడియారం, మూలన తన గొంతు. గాలి లోపలికి తీసుకోండి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. మెల్లగా వదలండి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఎంత తియ్యగా ఉందో చూడు దీని గొంతు, అనుకుంది తన గొంతు గురించే, పక్కింటివాళ్ళను ఆడిపోసుకున్నట్టు. తేనె పూసినట్టు మాట్లాడుతోంది, ఇరవై మూడో నిమిషంలో దానికి దగ్గొస్తుంది. దగ్గి, సర్దుకుని, వదలండి అని మొదలుపెట్టి, ఒకటి, రెండు, మూడు, ఐదు అంటుంది. నాలుగు ఎగిరిపోతుంది. క్షమించండి అని మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడుతుంది. రికార్డు చేసినతను దాన్ని కోసెయ్యనన్నాడు, ఉండనివ్వండి, మనిషి పక్కనే ఉన్నట్టుంది అన్నాడు. ఆ మాటకు అప్పుడెంత మురిసిపోయిందో తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. గడియారం ఏడూ పన్నెండు చూపిస్తోంది. మొదలైంది ఏడు గంటలకు.

ఆ దగ్గు గురించి ఈ గదిలో తెలియనివాళ్ళు లేరు. అక్క చెబుతుంది కదా. కొత్తగా ఎవరు చేరినా వాళ్ళ చాప పక్కకు కుర్చీ లాక్కుని మరీ చెబుతుంది, పోయిన వారం బ్యాంకులో పనిచేసే అమ్మాయికి చెప్పింది. మా చెల్లెలు లేకపోతే నేను లేనమ్మా, ఆ రోజు ఊపిరాడక గోడకానుకుని పడి ఉంటే అరగంట పైగా ఫోను వదలకుండా లెక్కపెట్టింది, ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు, లెక్కపెట్టి లెక్కపెట్టి పాపం దానికే దగ్గొచ్చింది, లెక్క కూడా తప్పింది, కంగారులో అక్కనని కూడా మరిచిపోయి క్షమించండి అంది, నన్ను, అండీ గిండీ అని, అంటూ నవ్వుతుంది అక్క. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుని టీచరమ్మ వైపు తిరుగుతారు. టీచరమ్మ తల వంచుకుంటుంది. ఎంత వినయమో అనుకుంటారు వాళ్ళు. వినయమా పాడా, ఆ క్షణాన నేల రెండుగా చీలి తనను మింగితే బాగుండుననిపిస్తుంది. తల వంచుకున్న ప్రతిసారీ అబద్ధం మీద ఇంకో సంతకం పెట్టినట్టే. పొట్ట మీద చెయ్యి పెట్టుకోండి, అంటోంది స్పీకరు, చెయ్యి పైకి లేవడం గమనించండి. పద్దెనిమిది చేతులు పొట్టల మీదికి వెళ్ళాయి. అక్క చెయ్యి కూడా వెళ్ళింది, వేళ్ళ చివర సూదిపోట్లు, చిన్నప్పుడు తన వీపు మీద ఉండే చెయ్యి అది.

వీపు మీద ఆ చెయ్యి లేకుండా ఆమెకు నిద్రపట్టేది కాదు ఏడెనిమిదేళ్ళ వయసులో. ఛాతీలో పిల్లికూతలు, గాలి లోపలికి పోయేది, బయటికి రానని మొరాయించేది. పిట్ట గుండెలా ఒకటే కొట్టుకుంటోందని అక్క చెల్లెలికి పిట్ట అనే పేరు పెట్టింది, ఇప్పటికీ అదే పిలుపు. వదులు పిట్టా, మెల్లగా, ఐదు దాకా వదిలావంటే తగ్గిపోయినట్టే, అనేది. అక్కకూ అప్పటికి పధ్నాలుగేళ్ళు, ఎవరూ నేర్పలేదు దానికి. ఒకటి, రెండు, మూడు. మూడు దాటితే పిల్ల ఊపిరి నిలవదని దానికి తెలుసు. అందుకని మూడు తర్వాత ఐదు అనేసేది. చూశావా ఐదు దాకా వచ్చేశావు, తగ్గిపోయింది పో, అనేది. పిట్ట నమ్మేది. స్కూల్లో లెక్కల టీచరు అంకెలు చెప్పమంటే మూడు తర్వాత ఐదు చెప్పి మొట్టికాయ తిన్నది కూడా. అలా అక్క చేతి కింద నేర్చుకున్న విద్యను పట్టుకుని పెద్దయ్యాక ఇన్ని క్లాసులు, ఇన్ని చాపలు, ఇంత పేరు. కరపత్రం మీద మాత్రం ఎవరెవరో పెద్ద గురువుల దగ్గర నేర్చుకున్నట్టు వేయించుకుంది. కర్టెన్లు కుట్టే అక్క దగ్గర నేర్చుకున్నానని వేస్తే ఎవరు వస్తారు మరి. అదే కరపత్రం మీద ఇంకో మాట కూడా ఉంది, ఊపిరాడకపోవడం మనసులో మొదలవుతుంది అని. అచ్చు వేయించాక తనకే తెగ నచ్చింది ఆ మాట.

ఆ మాటనే అక్కకు ఫోనులో చెప్పింది, తొమ్మిది రోజులు. పిట్టా, కర్టెను గుడ్డ చుట్ట మోసుకుని పై అంతస్తుకెళ్తే ఆయాసమొస్తోందే, అంది అక్క మొదటి రోజు. మీ కర్టెన్ల దుకాణం వేరే చోటికి మారుతోందని నీకు లోపల బెంగ అక్కా, మనసు కుదుటపడితే అదే పోతుంది, అంది తను. ఎడమ పిక్క గట్టిపడి వాచిందే, అంది నాలుగో రోజు. రోజంతా మిషను తొక్కితే వాయదా మరి, అంది తను. ఏడో రోజుకు ఫోను మోగితే విసుగు మొదలైంది. తెరమీద అక్క అని కనిపిస్తే అబ్బా మళ్ళీనా అనుకుంది. అనుకుంది, అవును, ఎవరికీ తెలియని ఆ అబ్బా ఇప్పటికీ చెవిలో గింగురుమంటూనే ఉంది. ఇప్పుడు ఊపిరిని మీ భుజాల్లోకి పంపండి, అంటోంది స్పీకరు. భుజాల్లోకి ఊపిరెలా పోతుందే, అని అక్క ఒకసారి అడిగింది, గుండెకాయకే పంపలేక చస్తుంటే. ఏడూ పదిహేడు అయింది. ఆరు నిమిషాలున్నాయి ఇంకా. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఫోనుంది, ఒక్క వేలితో ఆపెయ్యొచ్చు. ఆపి ఏం చెప్పాలి? చెప్పడానికి గొంతేదీ?

తొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి జుట్టుకు రంగు పట్టించుకుని, నెత్తికి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని కూర్చుని ఉండగా అక్క ఫోను. పిట్టా, అని ఆగింది. ఇవాళ మరీ... ఆడట్లేదే, అంది. మాట మాటకూ మధ్య అంత ఖాళీ ఎప్పుడూ లేదు, ఆ ఖాళీ వినడమే కదా ఆమె పని, జనం దాని కోసమే కదా వచ్చేది. వినలేదు. గోడకానుకుని కూర్చో, ఫోను గట్టిగా వినిపించేలా పెట్టుకో, నేను లెక్క చెబుతాను, నువ్వు చెయ్యి, అంతే, మధ్యలో మాట్లాడకు, అంది. మాట్లాడకు అంది, అక్కకు. అప్పటికి రంగు పెట్టుకుని అరగంట దాటింది. డబ్బా మీద అరగంటకు మించితే జుట్టు పాడవుతుందని రాసి ఉంది. ల్యాప్‌టాప్‌లో రికార్డింగు పెట్టి, ఫోను దాని ముందు పడుకోబెట్టి, ఐదే ఐదు నిమిషాలు, ఒక్క చెంబు పోసుకుని వచ్చేస్తాననుకుని స్నానాలగదిలోకి వెళ్ళింది. నల్లనీళ్ళు తెల్లబడేదాకా కడిగింది. ఇంకోసారి కడిగింది. వేడిగాలి మిషను పెట్టి ఆరబెట్టుకుంది, ఆ రొదలో ఏమీ వినపడదు. తర్వాత అద్దం ముందు నిలబడింది. రంగు బాగా అంటుకుంది. ఇటు తిరిగి చూసుకుంది, అటు తిరిగి చూసుకుంది, పదేళ్ళు తగ్గినట్టున్నాననుకుంది. ఎంతసేపు చూసుకుందో ఆమెకే తెలియదు, అదే అన్నిటికంటే సిగ్గు.

తలకు తువ్వాలు చుట్టుకుని బయటికొస్తే ఫోనులోంచి బావ కేకలు. బావ బస్సు డ్రైవరు, రెండు ట్రిప్పుల మధ్య తిండికి ఇంటికొచ్చాడు. ఏమేవ్, ఏమేవ్, మొహం నీలంగా అయిపోయిందేంటే, ఎవరది ఫోనులో, ఎవరండీ అది, అని అరుస్తున్నాడు. ఎదురుగా ల్యాప్‌టాప్ చెబుతోంది, చాలా బాగుంది, ఎంత హాయిగా ఉందో గమనించండి. హాయిగా. ఆమె చెయ్యి ముందు రికార్డింగును ఆపింది. ఆపాక ఫోను నిశ్శబ్దమైంది, బావ హలో హలో అన్నాడు. అప్పుడు నోరు తెరిచి ఏమన్నా అని ఉంటే, నేనే బావా, హాస్పిటల్‌కు తీసుకెళ్ళు అని ఒక్క ముక్క అని ఉంటే, ఇవాళ ఈ చాప మీద కొంచెం నిటారుగా కూర్చుని ఉండేది. ఆమె వేలు వెళ్ళి ఫోను పెట్టేసింది. పది నిమిషాల తర్వాత మళ్ళీ తనే చేసి, ఏమైంది బావా, లైను కట్టయింది, అంది. ఎంత తొందరగా దొరికిందో ఆ అబద్ధం, వెతుక్కోనక్కర్లేకుండానే నాలుక మీదికొచ్చి కూర్చుంది. ఊపిరి వదలండి, వదలండి, అంటోంది స్పీకరు. ఇన్నేళ్ళుగా ఇంత మందికి అదే మాట చెబుతూ, పేపర్లో మనిషి పోయినప్పుడు రాసేది కూడా ఆ మాటేనని ఆ పది నిమిషాల్లోనే మొదటిసారి తట్టింది ఆమెకు.

కాలిలో కట్టిన రక్తపు గడ్డ వెళ్ళి ఊపిరితిత్తుల్లో అడ్డం పడిందన్నారు. ఎన్ని రోజుల నుంచి ఇలా ఉంది అని అడిగింది డాక్టరమ్మ. తొమ్మిది రోజులన్నాడు బావ. ఎవరికీ చూపించలేదా అంటే, అదేంటండీ, మా మరదలికి రోజూ చెబుతూనే ఉంది, ఆవిడ ఊపిరికి సంబంధించిన టీచరే, అన్నాడు బావ, ఎంతో గౌరవంగా, చెయ్యి ఇటు చూపిస్తూ. డాక్టరమ్మ ఇటు చూసింది, కొత్తగా రంగేసిన జుట్టు వైపు చూసినట్టే అనిపించింది చెల్లెలికి. రెండు రోజులకు అక్క కళ్ళు తెరిచాక అదే డాక్టరమ్మ, గాభరాపడకుండా ఊపిరి నెమ్మదిగా తీసుకుంటూ ఉన్నారట, మంచి పని చేశారు, అంది ఏదో ధైర్యం చెప్పడానికి. ఆ మాట పట్టుకుని ముక్కులో గొట్టంతోనే అక్క మొదలుపెట్టింది, మా చెల్లెలు లెక్కపెట్టిందండీ, అని. నర్సుకు చెప్పింది. గది తుడిచే ఆవిడకు చెప్పింది. ఇంటికొచ్చాక కర్టెన్ల దుకాణంలో చెప్పింది, బావతో పనిచేసే డ్రైవర్లకు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ చివర్లో చెల్లెలి వైపు తిరిగి ఒక క్షణం ఆగేది. మెచ్చుకోలుగా చూస్తోందనుకుని చెల్లెలు చూపు తిప్పేసుకునేది. ఇప్పుడు అక్క మిషను తొక్కలేకపోతోంది, చేత్తో అంచులు కుట్టుకుంటుంది, మెట్లకు సగంలో ఆగుతుంది. మిగిలిన ఊపిరంతా చెల్లెల్ని పొగడడానికే ఖర్చు పెడుతోంది.

ఏడూ ఇరవై రెండు. ఆపెయ్. వంగి వేలు పెట్టు, అంతే, కరెంటు పోయిందనుకుంటారు, ఫోను చెడిందనుకుంటారు. చెయ్యి లేచింది కూడా. లేచిన చెయ్యి మోకాలి మీద నుంచి జానెడు ముందుకెళ్ళి అక్కడే ఆగింది, ఎందుకంటే ఇది కూడా ఆ రోజు వేలు చేసిన పనే, అదే వేలు, మళ్ళీ కట్ చెయ్యబోతోంది. ఎన్నిసార్లు కట్ చేస్తావే పిట్టా, అని ఎవరో అన్నట్టయింది లోపల, ఎవరూ అనలేదు, తనే. తలెత్తి చూస్తే కిటికీ దగ్గర అక్క కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎప్పటి నుంచి తెరిచి ఉన్నాయో. తన మొహాన్నే చూస్తోంది, గాల్లో ఆగిన చేతిని చూస్తోంది. స్పీకరు దగ్గింది. ఒకసారి, రెండుసార్లు. వదలండి, ఒకటి, రెండు, మూడు, అంది. అప్పుడు అక్క పెదాలు కదిలాయి, స్పీకరు కంటే ముందే కదిలాయి, ఐదు అని. ఆ తర్వాత స్పీకరు అంది, ఐదు. క్షమించండి. రెండో వరుసలో ఎవరో కళ్ళు మూసుకునే నవ్వుకున్నారు. బ్యాంకు అమ్మాయి ఒక్కతి కళ్ళు తెరిచి, స్పీకరును, అక్కను, టీచరమ్మను వరసగా చూసి మళ్ళీ గట్టిగా మూసుకుంది. అక్క మొహంలో ఆశ్చర్యం లేదు. చెల్లెలు వెతికింది, ఏ మూలనైనా కాస్త ఆశ్చర్యం ఉందేమోనని, కోపమైనా ఉందేమోనని. లేవు. మిగిలిన పదిహేడు నిమిషాలూ పద్దెనిమిది మంది ఊపిరి పీల్చి వదిలారు. ఆమె చెయ్యి మోకాలి మీదికి ఎప్పుడొచ్చిందో ఆమెకు తెలియలేదు.

అందరూ చాపలు చుట్టి మూలన పెట్టి వెళ్ళారు. పెద్దావిడ వెళ్తూ వెళ్తూ, మధ్యలో ఆ దగ్గు భలే ఉంది టీచర్, మీరు పక్కనే కూర్చున్నట్టుంది, అంది. బ్యాంకు అమ్మాయి మాత్రం ఎప్పటిలా వస్తానండీ అనకుండానే మెట్లు దిగింది. గదిలో ఇద్దరూ మిగిలారు. ఆమె లేచి వెళ్ళి అక్క కుర్చీ ముందు నేల మీద కూర్చుంది. అక్క తన ఒళ్ళో ఉన్న దారపు పోగు ఒకటి ఏరి వేలికి చుట్టుకుంటోంది.

"ఎప్పుడు తెలిసింది?" గుసగుస కూడా కాదది, గాలి.

"ఆ రోజే" అంది అక్క. "మూడు తర్వాత ఐదు అన్నావు చూడు, అప్పుడు నిజంగా నువ్వే అనుకున్నానే. వీపు మీద చెయ్యేసినట్టే అనిపించింది. ఆ వెంటనే క్షమించండి అన్నావు." పోగు విప్పి మళ్ళీ చుట్టింది. "నన్నెప్పుడన్నావే అండి అని? పుట్టి బుద్ధెరిగి ఒక్కసారైనా అన్నావా? పిలిచాను. పిట్టా, పిట్టా అని రెండుసార్లు పిలిచాను. చాలా బాగుంది అంది ఆ డబ్బా."

ఆమెకు కళ్ళెత్తే ధైర్యం లేకపోయింది. అక్క కాళ్ళ దగ్గర నేల పలకల మధ్య సన్నని గీతలు కనిపిస్తున్నాయి, వాటినే చూస్తూ, మరి అందరికీ ఎందుకలా చెబుతున్నావని అడిగింది.

"నేనలా చెబుతూ ఉంటే ఏదో ఒకరోజు, కాదక్కా, అంటావనుకున్నా." అక్క ఊపిరి కోసం ఆగింది. "పదకొండు నెలలు చెప్పాను. నీ వైపు తిరిగి ఆగేదాన్ని కూడా."

కింద దుకాణం తలుపు పైకెత్తిన చప్పుడైంది. అప్పుడడిగింది అక్క, ఇన్నాళ్ళూ దాచుకున్న ప్రశ్న, మామూలుగా, ఏం వండావే అన్నట్టు. "అసలు ఏం చేస్తున్నావే అప్పుడు?"

అబద్ధాలు వరసకట్టి వచ్చి నిలబడ్డాయి, ఒకదాన్ని మించి ఒకటి. ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని చెప్పొచ్చు, ఇంకో ఫోనొచ్చిందని చెప్పొచ్చు. గొంతు లేదు కాబట్టి ఊరుకోవచ్చు కూడా. "జుట్టుకు రంగేసుకున్నానక్కా" అంది. "కడుక్కోవడానికి వెళ్ళాను. తర్వాత అద్దం చూసుకున్నాను."

అక్క ఆమె జుట్టు వైపు చాలాసేపు చూసింది. పాపిట దగ్గర చెయ్యి పెట్టి నాలుగు వెంట్రుకలు పక్కకు తోసి, దగ్గరగా చూసింది. "బాగా అంటుకుంది" అంది. అంతే అంది. చెంప పగలగొట్టినా ఇంత తల కొట్టేసినట్టుండేది కాదు.

తర్వాత అక్క సంచీ తీసుకుని లేచింది. ఆమె వెనకే వెళ్ళింది. దిగేటప్పుడు ఎప్పుడూ ఆగని మనిషి ఇవాళ పదకొండో మెట్టు మీద ఆగింది. గోడ పట్టుకుంది, పట్టు చాలక మెట్టు మీదే కూలబడింది. భుజాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి, మెడ దగ్గర గుంట లోపలికి లాక్కుపోతోంది. చెల్లెలు ముందు ఫోను తీసింది, బావకు చేసింది, లేని గొంతుతోనే, రా బావా, క్లాసు దగ్గరికి, వెంటనే, హాస్పిటల్‌కు వెళ్ళాలి అంది, బావ విన్నానని చెప్పేదాకా పెట్టెయ్యలేదు. తర్వాత అక్క పక్కన ఇరుకు మెట్టు మీద ఇరుక్కుని కూర్చుని, వీపు మీద అరచెయ్యి పెట్టింది. చిన్నప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ వీపు మీద తన చెయ్యి ఎప్పుడూ పడలేదని అప్పుడు తెలిసింది. ఎముకలు తగులుతున్నాయి.

"అక్కా, నన్ను క్షమిం..."

"అది తర్వాత" అంది అక్క, కష్టం మీద. "లెక్కపెట్టు ముందు."

తీసుకో అక్కా, అంది. అక్క తీసుకుంది, గాలి ముక్కలు ముక్కలుగా లోపలికి పోవడం అరచేతికి తెలిసింది. మెల్లగా వదులు, అంది. ఒకటి, అంది. రెండు. మూడు అనేసరికి గొంతు పూర్తిగా పోయింది, నోరు తెరిస్తే గాలి కూడా రాలేదు. కింద రోడ్డు మీద ఎవరిదో బండి ఆగి కదిలిపోయింది. చేతి కింద వీపు ఇంకా వణుకుతోంది, ఎదురుచూస్తోంది.

"ఐదు" అంది అక్క.